జనరల్ కృష్ణారావు గారి దీర్ఘ జీవితము

పదవ తరగతి పరీక్షలు ముగియు దినములలో తల్లిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్నలలో ఒకటి ఏటేట వినబడుచుండును: "మావాడు పటాలములో చేరుదునని పట్టుబట్టుచున్నాడు. తెలుగులో చదివినవాడు అక్కడ నెగ్గుకొని రాగలడా? వానికి ఇల్లు, సంసారము మిగులునా?" ఈ సందేహము సహజమైనదే. దీనికి ఉపన్యాసము చెప్పుటకంటె, సైన్యమున 41 సంవత్సరములు గడపి, 92 ఏండ్లు జీవించిన ఒక తెలుగు గృహస్థుని చరిత్రమును మీ ముందుంచుట మేలని తలంచితిమి.

ఆయన జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు గారు. 1923 జూలై 16న జన్మించిరి. ఆనాడు తెలుగు జిల్లాలును, మన తిరువళ్లూరును, అప్పుడు చిత్తూరు జిల్లాలో చేరియుండిన తిరుత్తణియు ఒకే మదరాసు రాజధానిలో నుండెను. 1942 ఆగస్టులో, పందొమ్మిదవ యేట, ఆయన మహర్ రెజిమెంటున అధికారిగా చేరిరి. ఆ రెజిమెంటు అంతకు ముందటి యేడే ఏర్పడినది. అందలి సిపాయిలలో మరాఠీ మాటలాడువారు మెండు. సిపాయి మాట అధికారికి అర్థము కానిచో పటాలము నడువదు. కనుక తెలుగు యువకునికి అక్కడ తుపాకితోపాటు భాషయు నేర్వవలసిన విద్యయే. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడుచు పెరుగుచున్నారు. ఈ విద్యకు వారు కొత్తవారు కారని మా అభిప్రాయము.

రెండవ ప్రపంచ యుద్ధమున ఆయన బర్మా రంగమునను, వాయవ్య సరిహద్దునను పనిచేసిరి. 1947–48లో కాశ్మీరు యుద్ధమును చూచిరి. 1965–66లో లడఖ్ ఎత్తులలో ఒక బ్రిగేడునకు నాయకులై యుండిరి. ఆ సమయమున రాష్ట్రపతి హోదాలో త్రివిధ దళములకు సర్వసేనానిగా నుండినవారు మన తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఈ సంగతిని తరగతిలో చెప్పినప్పుడు పిల్లల ముఖములు వికసించుట మేము పలుమారులు గమనించితిమి.

1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధమును కొంత విపులముగా చెప్పవలయును. కృష్ణారావు గారు అప్పుడు 8వ పర్వత డివిజనునకు అధిపతులు. నాగాలాండ్, మణిపూర్ కొండలలో తిరుగుబాటుదారులతో తలపడుచుండిన ఆ సైన్యము సిల్హెట్ వైపు నడువవలసి వచ్చెను. దారి పొడవున తేయాకు తోటలు, చిత్తడి నేలలు, వంతెనలు కూలిన నదులు. డిసెంబరు 7న ఆయన డివిజనులోని ఒక గూర్ఖా పటాలము హెలికాప్టర్లలో సిల్హెట్ సమీపమున దిగెను. భారత సైన్యమున అట్టి దాడి అదియే మొదటిది. అచ్చట శత్రువులు కొలదిమందియే యని తలంచి దిగినవారిని ఎన్నో రెట్లు పెద్దదగు సేన చుట్టుముట్టెను. పది దినములు గడువక మునుపే ఆ పెద్ద సేన ఆయుధములు విడిచెను. గెలుపు కథలు వినిపించునప్పుడు ఆ చిన్న దళము గడపిన రాత్రులను మరుగుపరచుట న్యాయము కాదు.

1975లో సైన్య పునర్వ్యవస్థీకరణకై ఏర్పడిన సంఘమునకు ఆయన అధ్యక్షులైరి. 1981 జూన్ 1న భారత సేనాధిపతి పదవిని స్వీకరించిరి. తెలుగువారిలో ఆ పీఠమెక్కిన మొదటివారు ఆయనయే. 1983 జూలైలో విరమించిరి.

విరమించిన పిమ్మటనైనను విశ్రాంతి లేకపోయెను. 1984 నుండి ఈశాన్య రాష్ట్రములకును, తరువాత రెండు పర్యాయములు జమ్మూ కాశ్మీరునకును గవర్నరుగా నుండిరి. 1995 జనవరి 26న జమ్మూ క్రీడా మైదానమున గణతంత్ర దినోత్సవ సభలో ఆయన ప్రసంగించుచుండగా బాంబులు ప్రేలెను. పలువురు మరణించిరి. ఆయన గాయపడక బయటపడిరి. అప్పటికి వయస్సు 71. ఆ పదవిని వెంటనే విడిచిపోక 1998 వరకు నిలిచిరి. 1996లో అచ్చట శాసనసభ ఎన్నికలు జరిగినది ఆయన కాలముననే.

ఇక సంసారము మాట. సరిహద్దు తావులకు కుటుంబమును వెంట గొనిపోవుటకు సైనికునికి అనుమతి యుండదు. శాంతి స్థావరములలో కలసి యుండినను, రెండు మూడేండ్లకొకమారు సామానులు సర్దవలసినదే, పిల్లలకు బడి మార్పించవలసినదే. అట్టి ఇంట మాతృభాష నిలుచుట బడివలన గాదు, తల్లివలన. సైనికుని పతకములు లెక్కించు పుస్తకములు గలవు గాని, ఆ యిల్లాలి కష్టమును లెక్కించినవి మాకు అంతగా కనబడవు. కృష్ణారావు గారు గవర్నరు పదవి వదలిన తరువాత పదునెనిమిదేండ్లు తమవారి నడుమ జీవించి, 2016 జనవరి 30న ఢిల్లీలో కన్నుమూసిరి.

నేటి స్థితి కొంత వేరు. 2022 నుండి సిపాయిలను అగ్నిపథ్ పద్ధతిని నాలుగేండ్లకు మాత్రమే చేర్చుకొనుచున్నారు. అందు నాలుగవ వంతునకు మించకుండ స్థిరపరుతురు. మిగిలినవారు ఆ గడువు ముగియగానే ఇంటికి వత్తురు, పింఛను లేదు. ఈ సంగతి చెప్పక పిల్లవానిని ప్రోత్సహించుట మాకు సమ్మతము కాదు. అయితే 2025లో సైన్యపు ప్రవేశ పరీక్షను 13 భాషలలో జరిపిరి. వానిలో తెలుగు కలదు, తమిళమును కలదు.