పాత పికప్‌కి ఇంజిన్ పని తప్పదా?

ప్రశ్న: మాది పన్నెండేళ్ల బొలెరో పికప్. మామిడికాయల లోడుతో ఘాట్ ఎక్కితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఇంజిన్ బోరింగ్ చేయించాలని మెకానిక్ అంటున్నాడు. చేయించాలా, అమ్మేయాలా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: రెండూ ఇప్పుడే వద్దండి. వేడెక్కుతోందని మాత్రమే ఇంజిన్ విప్పడం సరికాదు. ముందు రేడియేటర్ చూడండి. కూలెంట్‌కి బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే లోపలి సన్నటి గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది. ఖాళీ బండిలో అది తెలియదు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించండి. మూత, ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు కూడా చూపించండి. థర్మోస్టాట్ పాడైతే కొత్తది వేయించండి. తీసేసి నడపమని చాలామంది చెబుతారు, వినకండి. ఇంజిన్‌కి సరైన వేడి అందక అరుగుదల పెరుగుతుంది. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయొద్దు.

ఇంజిన్ సంగతి పొగే చెబుతుంది. నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టర్లో చూపిస్తే చాలు. తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. నీలిపొగ వస్తూ, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే ఆవిరి గట్టిగా తన్నుతుంటే, అప్పుడు మీ మెకానిక్ మాట నిజం. కంప్రెషన్ పరీక్ష చేయించాకే బోరింగ్‌కి ఒప్పుకోండి.

అమ్మే ముందు ఛాసిస్ తుప్పు చూసుకోండి. ఇంజిన్ బాగు చేయించవచ్చు గానీ, తుప్పు తిన్న ఛాసిస్ మీద డబ్బు పెట్టడం దండగ. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి, ఆ గడువు మరవకండి.