రొమ్ము కేన్సరు: కణితి రకం, ఆయుర్దాయం

“రొమ్ము కేన్సరట, ముదిరిపోయిందట, ఇంకెన్నాళ్ళుంటుందో!” అని మన ఇళ్ళల్లో గుసగుసలాడుకోవడం అందరం విన్నదే. దానికి ముందు అడగవలసింది మరొకటుంది: ఏ రకం కేన్సరు? వ్యాధి రొమ్ము దాటి ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో, మెదడుకో పాకిన దశలో కూడా, యిద్దరు రోగుల ఆయుర్దాయంలో తేడాకి ఒక ముఖ్య కారణం కణితి రకమే.

రకాన్ని తేల్చేవి మూడు ప్రోటీనులు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ హార్మోనుల్ని అందుకునే గ్రాహకాలు రెండు. మూడవది హెర్-2, యిది కణం పైపొరలో వుండి, పెరగమని లోపలికి కబురు పంపుతుంది. బయాప్సీ ముక్కని పరీక్షిస్తే యివి బయటపడతాయి. హార్మోను గ్రాహకాలున్న కణితులే ఎక్కువ. మూడూ లేనిదాన్ని ‘ట్రిపుల్ నెగెటివ్’ అంటారు.

1896లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ ఒక విచిత్రం ప్రకటించాడు. ముదిరిన రొమ్ము కేన్సరున్న స్త్రీకి అండాశయాలు తీసివేస్తే కణితి కరిగిపోయింది! అయితే అందరికీ అలా కరగలేదు. ఎందుకో తెలియాలంటే చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని కనిపెట్టేదాకా, అరవై యేళ్ళు ఆగవలసి వచ్చింది. గ్రాహకమే లేని కణితికి హార్మోను వుంటేనేం, పోతేనేం?

హెర్-2 కథ యింకా ఆసక్తికరం. ఈ జన్యువు ప్రతులు పెరిగిన వారికి జబ్బు త్వరగా తిరగబెడుతుందనీ, ఆయుర్దాయం తక్కువనీ 1987లో డెన్నిస్ స్లామన్ బృందం చూపింది. ఆ ప్రోటీనుకే అతుక్కునే ట్రాస్టుజుమాబ్ మందుకి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2001లో ప్రకటించిన ఫలితాల్లో, కీమోథెరపీ మాత్రమే పొందినవారి మధ్యగత ఆయుర్దాయం 20.3 నెలలు, యీ మందు కలిపితే 25.1. (మధ్యగతమంటే సగంమంది అంతకంటే ఎక్కువ కాలం బ్రతికారని, ఏ ఒక్కరికీ గడువు కాదు.) పెర్టుజుమాబ్ కూడా జోడించిన మరో పరీక్షలో, 2015 నాటికి, అది 56.5 నెలలకు చేరింది. పరీక్షలు వేరు, రోగులు వేరు గనుక తూకం వేసినట్టు పోల్చకూడదు. అయినా ఒకప్పుడు చెడ్డ జాతకమనుకున్న రకానికి రోజులు మారేయని ఒప్పుకోవాలి.

హార్మోను రకంలోనూ అంతే. ముట్లుడిగిన స్త్రీలలో లెట్రోజోల్ మాత్రతో 51.4 నెలలైతే, రైబోసిక్లిబ్ తోడైతే 63.9 అని 2022లో తేలింది.

వెనకబడింది ట్రిపుల్ నెగెటివే. గురిపెట్టడానికి ఆ మూడిట్లో ఒక్కటీ లేదు కదా! దీనికి చాలాకాలం కీమోథెరపీయే దిక్కు. (రొమ్ము కేన్సరుకి దశాబ్దాలు వాడిన సి.ఎం.ఎఫ్. మిశ్రమంలో ‘ఎం’ అంటే మెథోట్రెక్సేట్. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన లెడర్లీ ప్రయోగశాల చలవే.) అప్పటికే కనీసం రెండు విడతల కీమో వాడిన రోగుల్లో, సాసిటుజుమాబ్ గోవిటెకాన్ యిస్తే 12.1 నెలలు, మామూలు కీమోతో 6.7 అని 2021లో ప్రకటించారు. కీమో మందునే ఒక యాంటీబాడీకి కట్టి కణితి దగ్గరకు పంపడం యిందులోని కిటుకు.

ఇంకో సంగతి. పాకినచోట కణితి రకం మారిపోవచ్చు కూడా. అందుకే వీలైతే అక్కడినుంచీ ఒక ముక్క తీసి పరీక్షిస్తారు. “మళ్ళీ సూదెందుకండీ, పాత రిపోర్టుందిగా!” అని ఇంటివాళ్ళు విసుక్కుంటారు గాని, ఆ ముక్కని బట్టి మందే మారవచ్చు.