పాలపుంతలో మనకు పొరుగువారు గలరా?

‘సాధ్యము’ అను మాటకును ‘సంభావ్యము’ అను మాటకును గల భేదమును మొదట గ్రహింపని యెడల ఈ పాఠమువలన ప్రయోజనము స్వల్పము. మన పాలపుంతలో మానవునివంటి బుద్ధిజీవులు మరియొక చోట ఉండుట సాధ్యమా? సాధ్యమే, దానిని నిషేధించు ప్రకృతి నియమమేదియు మనకు తెలియదు. సంభావ్యమా? అనగా, ఉన్నారని నమ్ముటకు తగిన లెక్క గలదా? ఈ రెండవ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పువారు ఇరుప్రక్కలను ఉన్నారు. ఇన్ని నక్షత్రములుండగా మనమొక్కరమే యుందుమా అని కొందరు యౌవనస్థులు అడుగుదురు. లేఖనములలో చెప్పబడలేదు గనుక లేరని కొందరు పెద్దలు త్రోసివేయుదురు. ఇవి రెండును లెక్కలు కావు.

1960లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున, గ్రీన్ బ్యాంక్ అను చోట, ఫ్రాంక్ డ్రేక్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు 85 అడుగుల రేడియో దూరదర్శినిని సూర్యుని పోలిన రెండు సమీప నక్షత్రములవైపు త్రిప్పి ఆలకించెను. పరలోకవాసుల సంకేతమేదియు వినబడలేదు. మరుసటి యేట అక్కడనే కొద్దిమంది విద్వాంసులు కూడినప్పుడు, ఆయన ఈ ప్రశ్నను ఏడు సంఖ్యల గుణకారముగా వ్రాసి వారి ముందుంచెను. ఏటేట పుట్టు నక్షత్రములెన్ని? వాటిలో గ్రహములు గలవి ఎన్నవ వంతు? ఒక్కొక్క గ్రహకుటుంబములో జీవమునకు తగిన గ్రహములెన్ని? వాటిలో జీవము నిజముగా పుట్టినవెన్ని? ఆ జీవము బుద్ధిగా ఎదిగినవెన్ని? ఆ బుద్ధి ఆకాశములోనికి సంకేతములను పంపగలిగినవెన్ని? అట్టి నాగరికత ఎన్ని యేండ్లు నిలుచును? ఆ కూటమువారు తేల్చిన అంచనా వెయ్యికిని పది కోట్లకును నడుమ నుండెను. ఇంత వెడల్పైన దిగుబడి అంచనాను ఒక రైతు చెప్పినచో ఏ వర్తకుడును అతనికి బయానా ఇయ్యడు.

అయినను ఆ వరుసలోని మొదటి సంఖ్యలు నేడు వట్టి ఊహలు కావు. 1961లో సూర్యునికి వెలుపల ఒక్క గ్రహమైనను ఎవరికిని తెలియదు. 1992లో ఒక పల్సార్ చుట్టును, 1995లో సూర్యునివంటి నక్షత్రము చుట్టును గ్రహములు కనుగొనబడెను. 2009లో పంపబడిన కెప్లర్ దూరదర్శిని 2018లో పని ముగించులోగా సేకరించిన సమాచారమువలన 2,600కు మించిన గ్రహములు బయలుపడెను. 2025 నాటికి అన్నియు కలిపి 6,000 దాటినవి. నక్షత్రములకు గ్రహములుండుట వింత కాదు, వాడుక.

చిక్కు నాలుగవ సంఖ్యయొద్ద మొదలగును. జీవము రసాయన క్రియలవలన పుట్టియుండునని జె. బి. ఎస్. హాల్డేన్ 1929లోనే వ్రాసెను (ఈయన తరువాత భారతదేశమునకు వచ్చి 1964లో భువనేశ్వరములో కన్నుమూసెను). 1953లో స్టాన్లీ మిల్లర్ గాజుపాత్రలో విద్యుత్తు మెరుపులు పుట్టించి అమినో ఆమ్లములను తయారుచేసెను. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌యొద్ద పడిన ఉల్కలో అట్టి ఆమ్లములు గలవని సింహళ దేశీయుడైన సిరిల్ పొన్నంపెరుమయు ఆయన సహకారులును చూపిరి. ఇవి గొప్ప పరిశోధనలే. అయితే ఇటుకల గుట్ట ఇల్లు కాదు. అమినో ఆమ్లమునకును సజీవకణమునకును నడుమనున్న దారిని ఎవరును నడిచి చూపలేదు. పాలపుంతలోని నక్షత్రములు 10,000 కోట్లనుండి 40,000 కోట్ల వరకు ఉండునందురు. తగిన గ్రహముపై జీవము పుట్టు అవకాశము లక్ష కోట్లలో ఒకటి మాత్రమే యైనచో, అన్ని నక్షత్రములును చాలవు.

భూమిపై జీవము త్వరగా పుట్టెను గదా అని కొందరందురు. నిజమే, భూమి వయస్సు 454 కోట్ల సంవత్సరములు, పశ్చిమ ఆస్ట్రేలియా శిలలలోని జీవచిహ్నములు సుమారు 350 కోట్ల ఏండ్లనాటివి. అన్నము ఉడికెనో లేదో ఒక్క మెతుకు పట్టిచూచిన చాలునని మన తల్లులు చెప్పుదురు. మెతుకులన్నియు ఒకే కుండలోనివి గనుక ఆ మాట చెల్లును. ఇక్కడనో, మనము పట్టుకొనిన మెతుకు ఉడికినది గనుకనే పట్టిచూచుటకు మనమున్నాము! ఉడకని మెతుకునుండి ఎవరును లేచి సాక్ష్యమియ్యరు. 1983లో బ్రాండన్ కార్టర్ ఈ తర్కమునే గణితముగా చూపెను. బుద్ధి ఎదుగుటకు దీర్ఘకాలము పట్టునేని, తొందరగా మొదలైన చోటనే చూచువారుందురు. కావున ఆ తొందర జీవోత్పత్తి సులభమనుటకు రుజువు కాదు. బుద్ధి విషయమైనను అంతే. 1990వ దశకములో ఎర్నెస్ట్ మేయర్ అను జీవశాస్త్రజ్ఞుడు, భూమిపై పుట్టిన లెక్కలేని జాతులలో రేడియో నిర్మించినది ఒక్కటే యని కార్ల్ సేగన్‌తో వాదించెను.

మరి వారుండినచో ఎక్కడ? 1950లో ఎన్రికో ఫెర్మి భోజన సమయమున వేసిన ప్రశ్న ఇదియే. పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరములు. కాంతి వేగములో నూరవ వంతున సాగినను కోటి ఏండ్లలో దానిని దాటవచ్చును. పాలపుంత వయస్సు వెయ్యి కోట్ల ఏండ్లకు పైబడినది. మనము వెదకినది కొంచెమేనన్నదియు సత్యమే. 1967లో జోసెలిన్ బెల్ పట్టిన క్రమమైన స్పందనలు పల్సార్‌వని తేలెను. 1977లో ఒహాయోలో 72 సెకండ్లు వినబడిన సంకేతము మరల వినబడలేదు. 2018లో ఆక్స్‌ఫర్డుకు చెందిన ముగ్గురు పరిశోధకులు, డ్రేక్ వరుసలో ఒక్కొక్క అంకెకు బదులు మన అజ్ఞానపు పరిధి అంతటిని ఉంచి గుణించి, ఈ నిశ్శబ్దము ఆశ్చర్యకరము కాదనియు, పాలపుంతలో మనమొక్కరమే యుండుట గట్టి అవకాశమనియు చెప్పిరి. నాకు ఈ మార్గమే న్యాయముగా తోచుచున్నది.

విశ్వాసికి ఇందులో భయపడవలసినది కనబడదు. దేవుడు అనేక లోకములను చేయజాలడను వాదమును 1277లోనే పారిస్ బిషప్పు ఖండించెను. 1817లో అచ్చైన ప్రసంగములలో థామస్ చామర్స్ ఇతర లోకములలో జీవులుండవచ్చునని చెప్పెను; 1853లో విలియం వ్యూయెల్ తన పేరు దాచి వ్రాసిన గ్రంథములో దానిని కాదనెను. ఇద్దరును సంఘసేవకులే. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక మన తెలుగు బైబిలులో ‘ప్రపంచములు’ అను బహువచనమును చూచి గ్రహాంతరవాసులకు ఆధారము దొరికెనని సంతోషించువారు గలరు. గ్రీకు మూలమందలి ‘అయోన్’ శబ్దమునకు యుగమను అర్థము ముఖ్యము. అనువాదకుడు ఎంచుకొనిన మాటపై నక్షత్రలోకమును కట్టరాదు.

ఈ లెక్కను నిజముగా మార్చగలది మన సూర్యకుటుంబములోనే దొరకవచ్చును. గురుగ్రహపు చంద్రుడైన యూరోపా, మంచుపొర క్రింద సముద్రము గలదని భావింపబడుచున్నది. అది జీవమునకు తగినదో కాదో పరిశీలించుటకు 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో గురుగ్రహమును చేరవలసి యున్నది. అట్టి చోట ఎన్నడైనను ఒక సూక్ష్మజీవి దొరికినచో, అది భూమినుండి రాళ్లతో చేరినదా, వేరుగా పుట్టినదా అని మొదట తేల్చవలెను. వేరుగా పుట్టినదైనచో, ఒక్క సూర్యుని యొద్దనే జీవము రెండు మారులు మొలచినట్లగును. డ్రేక్ వరుసలోని నాలుగవ సంఖ్యకు మొదటిసారి ఆధారము దొరకును. ఐదవది అప్పటికిని ఖాళీగానే యుండును.