తోరా విద్యలో త్యాగం ఎవరిది?



తోరా అనగా ప్రధానంగా మోషే పేరిట ఉన్న అయిదు గ్రంథాలే అయినా, గురుశిష్య పరంపరలో నోటిమాటగా వచ్చి, మొదట మిష్నాగానూ తర్వాత దానిపై చర్చల రూపమైన తాల్ముద్‌గానూ గ్రంథస్థమైన బోధను కూడా యూదు సంప్రదాయం తోరాగానే పరిగణిస్తుంది. ఈ విద్య కోసం చేసిన త్యాగమనగానే రోమన్ పాలకుల చేతిలో మరణించినవారు స్ఫురిస్తారు. శిష్యునికి బోధనాధికారమిచ్చే ‘సెమిఖా’ను నిషేధించి, ఇచ్చినవారికీ పొందినవారికీ మరణశిక్షనూ, అది జరిగిన ఊరికి వినాశనాన్నీ విధించిన కాలంలో, ఏ ఊరికీ ముప్పు రాకుండా ఊషా, షెఫరాం పట్టణాల నడుమ కూర్చుని రబ్బీ యెహూదా బెన్ బావా అయిదుగురికి ఆ అధికారమిచ్చి, వారిని పారిపొమ్మని చెప్పి, తాను ప్రాణాలు విడిచినట్లు తాల్ముద్ చెబుతుంది.

దీనికంటే తక్కువ ప్రఖ్యాతి గలదైనా, బోధించేవారికి నిత్యం అవసరమైన త్యాగం రబ్బీ పెరీడాది. ఒక్కో పాఠాన్ని 400 సార్లు చెబితే గాని గ్రహించలేని శిష్యుడు ఆయనకు ఉండేవాడు. ఒకనాడు గురువుకు వేరే ధర్మకార్యానికి పిలుపు వచ్చిందని తెలిసి, ఆయన ఎప్పుడు లేచిపోతాడోనన్న ఆందోళనలో శిష్యుని మనసు నిలవకపోగా, కారణం అడిగి తెలుసుకున్న గురువు విసుగు చూపక అదే పాఠాన్ని మరో 400 సార్లు చెప్పాడు. ఆ సంఖ్యలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. శిష్యుని మందబుద్ధిని నిందించక, అతని ఆందోళనకు కారణాన్ని వెదకడమే ఇక్కడ గమనించదగినది.

విద్యార్థి వైపు నుండి చూస్తే విషయం మరింత చిక్కుపడుతుంది, ఎందుకంటే అతడు వదులుకునేది చాలాసార్లు ఇంట్లోవారి సొత్తు. తాల్ముద్‌లో వివాహ ఒప్పందాలను చర్చించే ‘కెతుబ్బోత్’ భాగంలో రావ్ రెహూమీ కథ ఉంది: ఏటా యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినానికి ముందురోజు మాత్రమే ఇంటికి వచ్చే ఆయన, ఒక ఏడు చదువులో మునిగి రాలేదు, ఎదురుచూసిన భార్య కన్నీరు కార్చిన క్షణాన ఆయన కూర్చున్న మిద్దె కూలి ఆయన మరణించాడు. దీనికి దగ్గరలోనే ఉన్న రబ్బీ అకీవా కథను మాత్రమే బోధించి దీనిని దాటవేసే అలవాటు సరైనది కాదు. అకీవా చదువుకు వెళ్లాలన్నది భార్య పెట్టిన షరతే. 12 ఏళ్ల తర్వాత తిరిగివచ్చి, ఇంకో 12 ఏళ్లు చదివినా తనకు సమ్మతమేనని ఆమె ఇతరులతో అనగా విన్నాకనే ఆయన మళ్లీ వెళ్లాడు. చివరికి 24,000 మంది శిష్యులతో వచ్చినప్పుడు, దగ్గరకు రాబోయిన ఆమెను శిష్యులు నెట్టివేయబోగా ఆయన వారించి, తన విద్యా వారి విద్యా రెండూ ఆమెవేనని వారికి తెలిపాడు.