ఎండిన గడ్డి చచ్చిన గడ్డి కాదు



నేను వృక్షశాస్త్రం చదివినవాడిని కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో గుమస్తాగా లెడ్జర్లు రాసి పదవీ విరమణ చేశాను. అయినా ఈ సంచికకు గడ్డి గురించి రాస్తున్నాను. మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు అర్థం కావడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని నా కోరిక.

మా బీడు సంగతి

1972లో పెద్ద కరువు వచ్చినప్పుడు నాకు 12 ఏళ్లు. బీదర్ జిల్లాలోని మా ఊళ్లో మాకు మూడెకరాల నల్లరేగడి, దాని పక్కనే రెండెకరాల ఎర్రరాతి బీడు ఉండేవి. రేగడిలో జొన్న వేసేవాళ్లం. బీడులో ఎవరూ ఏమీ వేయలేదు. మోకాలెత్తు గడ్డి కుదుర్లు కుదుర్లుగా దానంతట అదే పెరిగేది. ఒక జత ఎడ్లకు, ఒక ఆవుకు అదే ఆధారం.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మొలకలోనే మాడిపోయింది. బీడులో గడ్డి కూడా ఎండి, చేత్తో నలిపితే పొడి అయ్యేది. మరుసటి ఏడు మృగశిర కార్తెలో వాన పడింది. పది రోజుల్లో బీడు మళ్లీ పచ్చబడింది! ఆకలితో ఉన్న పశువులను వెంటనే అందులోకి వదిలాం. ఇరుగుపొరుగు వారి మేకలూ వచ్చాయి. అలాంటి రోజుల్లో కాదనే మనసు ఎవరికి వస్తుంది? శ్రావణం దాటేసరికి కుదుర్లు ఒక్కొక్కటే ఎండి ఊడిపోయాయి. గట్ల వెంట గరిక మాత్రమే మిగిలింది.

"కరువు గడ్డిని గూడ తిన్నది బిడ్డా" అన్నారు మా నాన్నగారు. నేనూ అదే నమ్మాను. రిటైరయ్యాక నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఆ గడ్డిని చంపింది కరువు కాదని.

రెండు రకాల గడ్డి

జొన్న, వరి, గోధుమ కూడా గడ్డి కుటుంబానికి చెందినవే. మనం వీటిని ఏటేటా విత్తుకుంటాం. ఇలా ఒక్క పంటకాలంలో మొలిచి, గింజ పెట్టి, చచ్చిపోయే వాటిని ఏకవార్షికాలు అంటారు. కరువు వస్తే వీటికి మిగిలేది గింజ ఒక్కటే. గరిక, దర్భ, రెల్లు, వట్టివేరు వంటివి బహువార్షికాలు. వీటి ఆకులు ఎండిపోయినా మొక్క బతికే ఉంటుంది. వాన పడితే పాత కుదురు నుంచే కొత్త ఆకు వస్తుంది. బీదర్ వంటి చోట దీని విలువ ఎక్కువ. ఇక్కడ ఏడాదికి సగటున 800 నుంచి 900 మిల్లీమీటర్ల వాన పడినా, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. మిగిలిన నెలలు మొక్క తన తెలివితో గడుపుకోవాలి.

మొదటి జాగ్రత్త: ఖర్చు తగ్గించడం

ఆకు మీది పత్రరంధ్రాల ద్వారా మొక్క గాలి తీసుకుంటుంది. అదే దారిలో నీటి ఆవిరి బయటకు పోతుంది. నేల ఎండుతున్నప్పుడు మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది అందగానే పత్రరంధ్రాలు మూసుకుంటాయి. అంటే ఖాతాలో డబ్బు అయిపోయాక కాదు, తగ్గుతున్నప్పుడే చెల్లింపులు ఆగుతాయి.

అనేక గడ్డి జాతుల ఆకు పైపొరలో బుల్లిఫార్మ్ కణాలనే పెద్ద కణాలు ఉంటాయి. వాటిలో నీరు తగ్గితే అవి ముడుచుకుని, ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. అప్పుడు ఎండ తగిలే వైశాల్యం తగ్గి, లోపలి తేమ కొంత నిలుస్తుంది. మధ్యాహ్నం పూట జొన్న చేనులోకి వెళ్తే ఇది మీకే కనిపిస్తుంది.

గరిక, జొన్న, చెరకు, మొక్కజొన్న సి-4 మొక్కలు. ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు మీద పనిచేసి 1966లో ఈ మార్గాన్ని వివరించారు. సి-4 మొక్క కార్బన్ డయాక్సైడును ముందు ఒకచోట పట్టి, లోపలి కణాలకు గాఢంగా అందిస్తుంది. అందుకే పత్రరంధ్రాలు కొద్దిగా తెరిచినా పని జరుగుతుంది. వరి, గోధుమ వంటి సి-3 మొక్కలతో పోలిస్తే, ఒక కిలో పదార్థం తయారుచేయడానికి వీటికి చాలా తక్కువ నీరు చాలు.

రెండో జాగ్రత్త: నేలలో దాచిన నిల్వ

గడ్డి భూమిలో చాలా మటుకు మొక్కల బరువులో సగానికి పైగా మట్టి కిందే ఉంటుంది. మనకు కనిపించే ఆకు రోజువారీ లావాదేవీల కరెంటు ఖాతా వంటిది. వేరు, కుదురు, భూగర్భ కాండం ఫిక్స్‌డ్ డిపాజిట్లు. వానాకాలంలో ఆకు తయారుచేసిన ఆహారంలో కొంత భాగం పిండిపదార్థంగా, చక్కెరలుగా అక్కడికి చేరుతుంది.

చెట్టు కొమ్మ చివర పెరుగుతుంది. గడ్డి అలా కాదు. ఎదిగే మొగ్గలు నేలకు ఆనుకుని కుదురులో ఉంటాయి. అందుకే పశువు పైఆకు కొరికినా గడ్డి మళ్లీ ఎదుగుతుంది. కరువు ముదిరితే మొక్క ఆకులను వదిలేసి, కుదురులోని మొగ్గలను మాత్రం కాపాడుకుంటూ నిద్రలోకి పోతుంది. ఆ కణాల్లో చక్కెరలు, ప్రోలిన్ వంటి పదార్థాలు చేరి, ఉన్న కాస్త తేమ జారిపోకుండా పట్టి ఉంచుతాయి. కంటికి ఎండుగడ్డిలా కనిపించేది నిజానికి నిద్రపోతున్న మొక్క.

మూడు గడ్డులు, మూడు దారులు

గరిక: నేల మీద పాకే కాండం, నేల లోపల భూగర్భ కాండం, రెండూ దీనికి ఉన్నాయి. ప్రతి కణుపూ వేరు వేయగలదు. అది నేలకు అంటుకుని ఉండటం వల్ల పశువు పళ్లకు పూర్తిగా అందదు. మా బీడులో గరిక మిగలడానికి కారణం ఇదే.

వట్టివేరు: దీని వేళ్లు నిలువుగా 3 మీటర్లు, అనుకూలమైన నేలలో ఇంకా లోతుకు దిగుతాయి. పైమట్టి ఎండినా కింది తేమ అందుతుంది. మన రాష్ట్రంలోనే గుండ్లుపేట ప్రాంత రైతులు దీన్ని తరతరాలుగా పొలం గట్ల మీద కంచెలా పెంచారు. 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు మట్టికోత నివారణకు వట్టివేరును ప్రచారం చేసినప్పుడు ఆ పొలాలు ఉదాహరణగా నిలిచాయి.

ఒరోపీషియం థోమియం: మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ బండల మీది పలుచటి మట్టిలో పెరిగే చిన్న గడ్డి ఇది. లోతుకు వేరు దింపే వీలు లేదు. అందుకే ఇది పూర్తిగా ఎండిపోవడమే నేర్చుకుంది. తనలోని నీటిలో 95 శాతం పోయినా, తడి తగిలితే ఒకటి రెండు రోజుల్లో తిరిగి పచ్చబడుతుంది. దీని జన్యుపటాన్ని శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించారు. కరువును తట్టుకునే పంటల పరిశోధనకు అది పనికివస్తోంది.

ప్రమాదం ఎప్పుడు?

ఇంత జాగ్రత్తపడే మొక్క మా బీడులో ఎందుకు చచ్చింది? వాన పడగానే వచ్చే మొదటి ఆకు కొత్త సంపాదన కాదు. పాత డిపాజిట్‌లోంచి తీసిన పెట్టుబడి. ఆ ఆకు ఎదిగి, ఆహారం తయారుచేసి, తీసిన సొమ్ము తిరిగి జమ కట్టాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా ఆకు పోతే మొక్క మిగిలిన నిల్వలోంచి మళ్లీ తీస్తుంది. మళ్లీ పోతే మళ్లీ తీస్తుంది. చివరికి ఖాతా ఖాళీ అవుతుంది.

అమెరికాలో ఫ్రాంక్లిన్ క్రైడర్ అనే శాస్త్రవేత్త 1955లో ప్రచురించిన ప్రయోగంలో లెక్క స్పష్టంగా ఉంది. ఆకులో 40 శాతం కోస్తే వేళ్ల పెరుగుదల ఆగలేదు. 50 శాతం కోసినా ఆగింది చాలా కొద్ది వేళ్లే. 60 శాతం కోస్తే దాదాపు సగం వేళ్లు ఆగాయి. 80 శాతం కోస్తే అన్ని వేళ్లూ సుమారు 12 రోజులు ఆగిపోయాయి. సగం దాటాక ఒక్కో పది శాతానికి నష్టం ఎంత వేగంగా పెరిగిందో చూడండి. అందుకే పశుగ్రాస నిపుణులు "సగం తీసుకో, సగం వదులు" అంటారు.

1930లలో అమెరికా మధ్య మైదానాల్లో ఏళ్ల తరబడి కరువు వచ్చినప్పుడు నెబ్రాస్కాలో జాన్ వీవర్, కాన్సాస్‌లో ఎఫ్.డబ్ల్యు. ఆల్బర్ట్‌సన్ గడ్డి భూములను ఏటా పరిశీలించారు. కరువు అన్నిటినీ దెబ్బతీసింది. అయితే అతిగా మేపిన భూముల్లో నష్టం మరీ ఎక్కువగా కనిపించింది. మా రెండెకరాల కథ అక్కడ పెద్ద ఎత్తున జరిగిందన్నమాట.

ఇంకొక కుదురు

ఆ కరువు ఏట మా అన్నయ్య పదో తరగతిలో ఉన్నాడు. ఫీజు పెద్ద మొత్తమేమీ కాదు. కానీ రాళ్లు కొట్టే పనికి పోతే రోజు కూలి వస్తుంది. "ఈ ఒక్క ఏడు ఆగు, వచ్చే ఏడు మళ్ల చేరుదువు" అన్నారు ఇంట్లో. వచ్చే ఏడు వాన వచ్చింది గాని అన్నయ్య బడికి పోలేదు. నేను చిన్నవాడిని, కూలికి పనికిరాను కాబట్టి చదువు సాగింది. తర్వాత అన్నయ్య ఎప్పుడైనా నా బ్యాంకుకు వస్తే, నేను కాగితం మీద వడ్డీ వేసేలోపే నోటితో చెప్పేవాడు. అది వింటూ సంతోషపడేవాడిని. సాయంత్రం ఇంటికి పోయాక బాధపడేవాడిని.

మా నాన్నగారిని తప్పుపట్టడం లేదు. ఆయనకు దారి చూపినవారు లేరు. కరువులు ఇప్పుడూ వస్తున్నాయి. 2016 ఏప్రిల్‌లో మన పక్కనున్న లాతూరుకు రైలులో నీళ్లు తేవలసి వచ్చింది. తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. కష్టకాలంలో ఆకు కోయండి, తప్పదు. పెళ్లి ఖర్చు తగ్గించండి, బండి కొనడం వాయిదా వేయండి. పిల్లల చదువు కుదురు వంటిది, దాని జోలికి పోకండి. చదువు సగంలో ఉండగా ఒక చిన్న ఉద్యోగం కనిపిస్తే, అది తొలకరి పచ్చదనం అని గుర్తుంచుకోండి. ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టడానికి మొహమాటపడవద్దు. ఈ ట్రస్టు ఉన్నది ఆ కొన్ని నెలలు గడిపించడానికే.

చేసి చూడండి

రెండు కుండీల్లో ఒకే మట్టి పోసి గరిక నాటండి. రెంటికీ సమానంగా నీళ్లు పోయండి. వేళ్లూనుకున్నాక మొదటి కుండీలో వారానికోసారి సగం ఆకు, రెండో దానిలో నాలుగు రోజులకోసారి నేల మట్టానికి కత్తిరించండి. ఆరు వారాల తర్వాత మట్టి కడిగి, వేళ్లను పక్కపక్కన పెట్టి పోల్చండి.

ఆలోచించండి

1. ఏకవార్షిక, బహువార్షిక గడ్డి జాతులు కరువును దాటే తీరులో తేడా ఏమిటి?
2. ఆకు చుట్టుకోవడం వల్ల మొక్కకు లాభమేమిటి?
3. తొలకరి తర్వాత బీడులోకి పశువులను ఎప్పుడు వదలాలి? ఎందుకు?

ఈ విషయం మీద ఆసక్తి కలిగిన విద్యార్థులకు దారులు ఉన్నాయి. కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం మన బీదర్‌లోనే, నందినగర్‌లో ఉంది. ఝాన్సీలో 1962లో స్థాపించిన భారత గడ్డిభూముల, పశుగ్రాస పరిశోధన సంస్థకు ధార్వాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. మీలో ఒక్కరైనా అటువైపు వెళ్తే, మా బీడు మళ్లీ పచ్చబడినంత సంతోషిస్తాను.