అతుకు లేని పనస దుంగ

రాతి యుగం, కంచు యుగం, ఇనుప యుగం అని స్కూల్లో చదివాం. కర్ర యుగం అని ఎక్కడా లేదు. రాయి మిగులుతుంది, కర్ర పుచ్చిపోతుంది, అంతే. జాంబియాలో కలాంబో జలపాతం దగ్గర మాత్రం తడి నేలలో ఉండిపోవడం వల్ల రెండు దుంగలు మిగిలాయి. ఒకదానికి గాడి చెక్కి రెండోదాని మీద కూర్చోబెట్టారు. వయసు కనీసం 4,76,000 ఏళ్లని 2023లో తేల్చారు. అంటే హోమో సేపియన్స్ పుట్టకముందే ఎవరో వడ్రంగం చేశారన్నమాట!

అతకడం అంత పాత విద్య. గరివిడికి దగ్గర్లోని బొబ్బిలి గొప్పతనం దానికి ఉల్టా, అతక్కపోవడం. అక్కడి గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు తరతరాలుగా చేసే వీణకి కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే పనస మానులోంచి వస్తాయి. అందుకే ఏకాండి వీణ అంటారు. (కుండని మూసే పలక మాత్రం వేరే.) పనస తేలిక, చెద తొందరగా పట్టదు, నాదం బాగా పలుకుతుంది. దుంగని ఆరబెట్టి, బాడిసతో చెక్కి, ఉలితో లోపల తొలుస్తారు. చివర్లో మైనం మీద 24 మెట్లు ఒక్కొక్కటీ చెవితో వింటూ కూర్చోబెడతారు. మనకి కోడ్‌లో తప్పొస్తే కంట్రోల్ జెడ్ ఉంది. ఇక్కడ ఉలి కాస్త లోతుగా దిగితే దుంగ మొత్తం పోయినట్టే.

1757లో బొబ్బిలితో యుద్ధం చేసిన విజయనగరానికి కూడా గుర్తు మానే కావడం తమాషాగా ఉంటుంది. పైడితల్లమ్మ సిరిమాను చింత చెట్టు. ఏ ఊళ్లో ఏ చెట్టు కొట్టాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. దసరా తర్వాత మంగళవారం పూజారి ఆ మాను కొసన కూర్చుని కోటకీ గుడికీ మధ్య ఊరేగుతారు.

ఈ రెండింటికీ కావాల్సింది పెద్ద చెట్టే. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ అది పేరుని కాపాడుతుంది, పనస చెట్టుని కాదు. 2018 తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పనస చెట్లు కూడా కూలిపోయాయి. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే బుల్లి గిఫ్ట్ వీణలకి చిన్న ముక్క చాలు. కచేరీ వీణకి చాలదు. ఇవాళ నాటిన పనస మొక్క దానికి సరిపడా లావెక్కేసరికి మన పిల్లలు ఇంజినీరింగ్‌లో ఉంటారు.