రోజుకో నగ మొదలుపెట్టే అమ్మాయిలకు

మా మనవరాలు, దాని స్నేహితురాళ్లు కలిసి నెలంతా రోజుకో నగ చేస్తామని పందెం వేసుకున్నారు. ఛాలెంజ్ అంటారట. ఇంట్లోనే కూర్చుని చెయ్యాలి, సొంత చేత్తో చెయ్యాలి, ఏ రోజు చేసింది ఆ రోజే ఫొటో తియ్యాలి. ఎలా మొదలెట్టాలి తాతా అంటూ నా దగ్గరకొచ్చారు. పల్నాడు జిల్లా నాదెండ్లలో కంసాలి కుంపటి ముందు పుట్టి పెరిగినవాణ్ణి. ఇప్పటికీ పొద్దున్నే రాగితోనో వెండితోనో ఏదో ఒకటి చేస్తేగాని నాకు కాఫీ రుచించదు. వాళ్లకు చెప్పినవే వరసపెట్టి రాస్తున్నాను.

1. ఆషాఢంలో మొదలుపెట్టండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన దగ్గర మిరపకోతలు. కాయ కోసొచ్చిన చేతులు రాత్రంతా మండుతుంటే ఆ చేత్తో పూసలు గుచ్చడం ఎవరివల్లా కాదు. ఆ తర్వాత ఎండలు, మంట దగ్గరికి పోబుద్ధి కాదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, కంసాలికీ తీరికే, అడిగితే నాలుగు మాటలు చెబుతాడు. నెల తిరిగేసరికి శ్రావణం, వరలక్ష్మీవ్రతం. కొనేవాళ్లు కూడా అప్పుడే దొరుకుతారు.

2. రోజుకో కొత్త డిజైను పెట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, పిల్లలకు అస్సలు నచ్చనిదీ ఇదే. ఎన్నో రకాల బొమ్మలు గీసుకొచ్చారు. ఆ కాగితాలు పక్కన పెట్టించి, మొదటి వారమంతా లోలాకు వేలాడే కొక్కెం ఒక్కటే చెయ్యమన్నాను. ముఖాలు మాడ్చుకున్నారు.

అయిదు సెంటీమీటర్ల తీగ రెండు ముక్కలు కొయ్యండి. ఒక కొనను ఆకురాయితో గుండ్రంగా రుద్దండి, చెవిలోకి దూరేది అదే. రెండో కొనను సన్నమొన పటకారుతో చిన్న కన్నులా చుట్టండి. నడుమ భాగాన్ని పెన్ను గొట్టం మీద పెట్టి వంచండి. వంపు దగ్గర సుత్తితో మెల్లిగా రెండు దెబ్బలు, అంతే. ఎక్కువ కొడితే పలచబడి విరుగుతుంది. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వంపు కలవదు, పొడవు కలవదు, కన్ను ఒకటి కుడికి చూస్తే ఒకటి ఎడమకు చూస్తుంది. జత కలవడమే పని. అది వారంలో వస్తే మీరు గట్టివాళ్లే.

మా ఇళ్లలో కుర్రాణ్ణి పనిలో పెడితే ముందు తీగ తీయించేవారు. కమ్మచ్చు అని, వరసగా బెజ్జాలున్న ఉక్కు పలక. తీగకు మైనం రాసి పెద్ద బెజ్జంలోంచి లాగి, తర్వాత దానికన్నా చిన్నదాంట్లోంచి, ఆపైన ఇంకా చిన్నదాంట్లోంచి లాగుతూ పోవాలి. నాలుగు బెజ్జాలు దాటేసరికి తీగ మొండికేస్తుంది. రాగి గానీ వెండి గానీ లాగేకొద్దీ, వంచేకొద్దీ, కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మళ్లీ మెత్తబడాలంటే మసక ఎరుపు తేలేదాకా కాల్చాలి. రాగినైతే వెంటనే నీళ్లలో వెయ్యొచ్చు. పైన పట్టిన నలుపు చింతపండు పులుసులో నానబెడితే పోతుంది. ఎప్పుడు కాల్చాలో పుస్తకం చెప్పదు. తీగ ఎదురు తిరగడం వేళ్లకు తెలుస్తుంది. నెలల తరబడి అదే పని చేసినా, ఆ కుర్రాడు నగ చెయ్యలేదని ఎవరూ అనేవారు కాదు.

3. రాగితో చెయ్యండి. బంగారం లేని నగేమిటని మీ అమ్మమ్మలు మూతి తిప్పుతారు, పట్టించుకోకండి. 1963 జనవరిలో బంగారం కంట్రోలు వచ్చి, 14 క్యారెట్లకు మించి కొత్త నగ చెయ్యకూడదన్నప్పుడు కంసాలి వీధుల్లో పని ఆగిపోయింది. మా నాయన రాగి కడియాలు, వెండి మెట్టెలు చేస్తూ చెయ్యి కాపాడుకున్నాడు. 1968లో బంగారం కంట్రోలును చట్టం చేశారు, 1990లో ఎత్తేశారు. అప్పటిదాకా చెయ్యి ఆపనివాళ్లకే మళ్లీ పని దొరికింది.

రాగికి దూరం వెళ్లక్కర్లేదు. బోరు మోటార్లు కాలడం పల్నాడు రైతుకు అలవాటైన ఖర్చు. మోటారు వైండింగు షాపులో మిగిలిన కొత్త తీగ ముక్కలు తూకానికి అడగండి. సబ్‌మెర్సిబుల్ మోటారు తీగకు పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, బ్లేడుతో గీసి ఊడదియ్యండి. కాల్చి తీయొద్దు, ఆ పొగ మంచిది కాదు. 20 గేజి తీగ వంద గ్రాములు కొంటే పదిహేడు మీటర్ల దాకా వస్తుంది. జత లోలాకులకు నలభై సెంటీమీటర్లు వేసుకున్నా నెలకు సరిపోయి మిగులుతుంది. చెవిలోకి వెళ్లే కొక్కెం మాత్రం, చెయ్యి కుదిరాక, వెండితో చెయ్యండి. నికెల్ కలిసిన చవకరకం పెడితే కొందరికి తమ్మె దురదపెట్టి పుండవుతుంది.

4. స్టూడియోకు గది అక్కర్లేదు. నాగార్జునకొండ లోయ నీళ్లలో మునగకముందు, 1954 నుంచి 1960 దాకా చేసిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపు కంసాలి పనిచేసిన చోటొకటి బయటపడింది. దొరికినవేమిటంటే మట్టి మూసలు, గీటురాయి, నగల అచ్చులు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆ సామాను ఇప్పుడు నా పంచలో పెట్టినా పని జరిగిపోతుంది. మీకు కావలసింది పొద్దుటి వెలుతురు పడే మూల, రెండు పటకార్లు, కత్తెర, ఆకురాయి, సుత్తి, ఇనుప దిమ్మ. కింద తెల్లగుడ్డ పరుచుకోండి. వెనకటికి జలగడుగువాళ్లు మా వీధి మట్టి ఊడ్చుకుపోయి, కడిగి, అందులో బంగారపు రజను ఏరుకుని బతికేవారు. గుడ్డ మీద రాలిన వెండి ముక్కలు మీరే దాచుకోవచ్చు.

5. టంకం జోలికి రెండో నెలలో వెళ్లండి. కిటికీ తెరిచిన చోటే వెలిగారం పెట్టి అతకండి. పాతకాలం కేడీఎం టంకంలో ఉండేది కాడ్మియం, దాని పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

6. ఒకరోజు తప్పితే తప్పింది. మర్నాడు రెండు చేసి లెక్క సరిచేద్దామని చూడొద్దు, రెండూ చెడతాయి. జ్వరం, చుట్టాలు, కరెంటు కోత ఎవరింట్లోనైనా ఉండేవే.

7. చెయ్యి కుదిరాక బొమ్మల కోసం ఫోను వెతక్కండి. అమరావతి వెళ్లి శిల్పాలు చూడండి, అదీ మన జిల్లాలోదే. ఆ రాతి ఆడవాళ్ల కాళ్ల నిండా కడియాలు, చెవులకు బరువైన ఆభరణాలు, నడుముకు పూసల పట్టీలు. ఒక్క చెవినే ఎంచుకుని కాగితం మీద దించుకురండి. పది రోజులకు సరిపడా పని అందులోనే ఉంటుంది.

8. రాగిని రాగి అనే అమ్మండి. మచిలీపట్నం చిలకలపూడివాళ్లు బంగారపు పూత నగలను రోల్డ్‌గోల్డ్ అని చెప్పే అమ్మి అంత పేరు తెచ్చుకున్నారు. హాల్‌మార్కు 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరైంది, బంగారాన్ని కొనేవాళ్లు ఇప్పుడు ముద్ర చూస్తున్నారు. మీ నగకు ముద్ర ఉండదు, మీ మాటే ముద్ర. ధర కట్టేటప్పుడు తీగ ఖరీదు ఒకచోట, మీరు కూర్చున్న గంటలు ఒకచోట రాసి కలపండి. రెండోదే ఎక్కువ వస్తుంది, సిగ్గుపడక్కర్లేదు. కోటప్పకొండ తిరునాళ్లలో అమ్మినా, అత్తగారి చుట్టాలకు అమ్మినా అదే లెక్క.

కొనేవాళ్లకూ ఒక మాట. బేరమాడండి, కాదనను. కానీ రాగి ఎంత పడిందమ్మా అని అడిగి, దానిమీద పది రూపాయలు వేసి చేతిలో పెట్టకండి. పెద్ద షోరూముల్లో తరుగు ఎంతంటే అంత, మజూరీ ఎంతంటే అంత నోరెత్తకుండా కట్టి వస్తున్నారు. ఈ పిల్లల మజూరీ కూడా అలాగే కట్టండి.